తాళం లేదు, లెక్కా లేదు

కళాకారుడికి ఎంత స్వేచ్ఛ ఇవ్వాలన్న చర్చ మన దగ్గర ఇంకా ‘పల్లవి కొంచెం మార్చండి సార్’ దగ్గరే ఆగి ఉంది. న్యూయార్క్‌లో బెర్నార్డ్ స్టోల్‌మన్ అనే లాయరు ఈ సమస్యను 1960లలోనే తేల్చేశాడు. అమ్మానాన్నలు ఇచ్చిన డబ్బుతో, తాళానికీ వరసకీ కట్టుబడని ‘ఫ్రీ జాజ్’కు పేరుపడ్డ ఈఎస్‌పీ-డిస్క్ అనే రికార్డు కంపెనీ పెట్టి, ఇందులో మీరేం వినాలో నిర్ణయించేది కళాకారులు మాత్రమేనని అట్టల మీద అచ్చేయించాడు. తాను నోరు మూసుకుంటానని నిర్మాత స్వహస్తాలతో రాసిచ్చిన పత్రం ప్రపంచంలో మరొకటి ఉందేమో నాకు తెలియదు. ఆ త్యాగాన్ని మనం సరిగా గౌరవించలేదన్నదే నా బాధ.

కంపెనీ తొలి రికార్డు జాజ్ కూడా కాదు, అన్ని దేశాలవాళ్లకీ పనికొస్తుందని కల్పించిన ఎస్పరాంతో భాషలో పాటలూ పద్యాలూ. స్టోల్‌మన్‌కు ఆ భాషంటే ప్రాణం, కంపెనీ పేరు కూడా అందులోంచే వచ్చింది. ఏ దేశానిదీ కాని భాషలో రికార్డు వేసి అమ్మకానికి పెట్టిన మనిషికి ఇక మార్కెట్ అంటే ఏం భయం? ధైర్యంగా ఆల్బర్ట్ ఐలర్‌ను పట్టుకొచ్చాడు.

1964 జులై 10న ఐలర్ సాక్సఫోన్, గ్యారీ పీకాక్ బాస్, సన్నీ మరే డ్రమ్స్ కలిసి చేసిన ‘స్పిరిచువల్ యూనిటీ’ మొత్తం అరగంట కూడా ఉండదు. చిన్నపిల్లలు బళ్లో పాడుకునేంత తేలికైన వరసతో మొదలవుతుంది. హమ్మయ్య, తెలిసిన దారే అనుకునేలోపు సాక్సఫోన్ వణుకుతుంది, అరుస్తుంది, గొంతు చించుకుంటుంది. డ్రమ్మర్ దరువు వెయ్యడు, సింబల్స్‌ను ఊపిరాడనివ్వకుండా గలగలలాడిస్తూనే ఉంటాడు. తాళం వేద్దామని చెయ్యెత్తినవాళ్లు ఆ చేతిని ఎక్కడ దించాలో తెలియక చివరిదాకా గాల్లోనే ఉంచుకోవాలి.

మరుసటి ఏడు న్యూయార్క్ టౌన్ హాల్‌లో ఐలర్ చేసిన కచేరీ నుంచి వచ్చిన ‘బెల్స్’ ఇరవై నిమిషాలే. మామూలు వ్యాపారి అయితే రెండో వైపుకి ఇంకేదో ఎక్కించేవాడు. ఈయన సంగీతమేమీ లేకుండా, దాని మీద బొమ్మ ముద్రించి అమ్మాడు. ఈఎస్‌పీ సంగీతం అంతటిలోకీ ఆ రెండో వైపే చాలా బాగుందని మా ఇంట్లో ఏకాభిప్రాయం. ఇక ఇదే కంపెనీ గాయని ప్యాటీ వాటర్స్ ఒక పాత జానపద గీతం అందుకుని, ‘బ్లాక్’ అన్న ఒక్క మాటను గుసగుస నుంచి కేక దాకా లాగి, పాటను దాదాపు 14 నిమిషాలు నడిపించింది. ఒకే పాదాన్ని పావుగంట నెరవల్ చేస్తే తలలూపే మనం దీనికి మాత్రం తలుపులు వేసుకోవడం భావ్యం కాదు.

“ఈ మాత్రం మా బుడ్డోడూ వాయిస్తాడండీ” అనే వర్గం ఒకటుంది. వాళ్ల కోసం ఈఎస్‌పీ సాక్సఫోన్ వాద్యకారుడు గిసెపి లోగన్ సంగతి. 1964 చివర్లో ఆయన బృందం స్టూడియోలో మునిగిపోయి వాయిస్తోంది. కంట్రోల్ రూములో ఇంజనీరూ స్టోల్‌మనూ ఎంత లీనమయ్యారంటే, టేపు అయిపోయిన సంగతే గమనించలేదు. తీరా చూసుకుని ఏం చెప్పాలో తెలియక నిలబడితే, లోగన్ అవతలి నుంచి తాపీగా, టేపు ఆగిన చోటు కన్నా కొంచెం వెనక్కి తిప్పండి, అక్కణ్నుంచి అందుకుంటాం అన్నాడట. అలాగే అందుకున్నారు, ఆగనట్టే సాగింది. స్టోల్‌మనే చెప్పిన కథ ఇది. మీ బుడ్డోణ్ని కూడా ఒకసారి మధ్యలో ఆపి చూడండి.

ఆయనే చెప్పిన ఇంకో ముక్క: వాయించడానికి ముందు లోగన్ తన దగ్గరికొచ్చి, నన్ను దోచుకున్నావంటే చంపేస్తా అన్నాడట. అంతా అప్పటికప్పుడు పుట్టే ఆ సంగీతంలో ఇంటి దగ్గరే సాధన చేసుకుని వచ్చింది ఆ ఒక్క మాటేనని నా అనుమానం.

ఎందుకంటే కళాకారులకు సంగీతంలో ఇచ్చినంత స్వేచ్ఛనూ కంపెనీ చెల్లింపుల్లో తనకు తాను ఇచ్చుకుందని వాయించినవాళ్లు దశాబ్దాల పాటు మొత్తుకున్నారు. ఇదే కంపెనీకి పాడిన టామ్ ర్యాప్ అయితే, స్టోల్‌మన్‌ను గ్రహాంతరవాసులు ఎత్తుకెళ్లి డబ్బెక్కడుందో ఆయనకు గుర్తులేకుండా చేశారని చమత్కరించాడు. శనిగ్రహం నుంచి వచ్చానని చెప్పుకున్న జాజ్ బృంద నాయకుడు సన్ రా కూడా ఇక్కడే రికార్డులు చేశాడు కనుక ఆ కోణాన్ని తోసిపుచ్చలేం. స్టోల్‌మన్ మాత్రం అసలు లాభమే రాలేదనీ, దొంగ కాపీలు ముంచాయనీ చెప్పాడు. 1970ల మధ్యకల్లా దుకాణం మూతపడింది కనుక అదీ అబద్ధమనలేం.

ఈ పద్ధతిని మన ఆఫీసులకు గట్టిగా సిఫారసు చేస్తున్నాను. ఐడీ కార్డు వెనక ‘ఈయన ఏం చెయ్యాలో నిర్ణయించేది ఈయన మాత్రమే’ అని అచ్చేయిస్తే చాలు. ఒకటో తారీకున జీతం అడగడానికి ఎవరికి మొహం చెల్లుతుంది?

ఇప్పుడు ఆ పాత ముద్రణల కోసం రసికులు జేబులు ఖాళీ చేసుకుంటున్నారు. అందులో కళాకారుడికి ఒక్క పైసా చేరదు గనక రికార్డు స్వచ్ఛత చెక్కుచెదరదు. ఐలర్ 1970లో, 34 ఏళ్లకే, ఈస్ట్ రివర్‌లో శవమై తేలాడు. లోగన్ దశాబ్దాలు అయిపు లేకుండా పోయి, ముసలితనంలో ఒక పార్కులో వాయిస్తూ కనబడి, 2020లో కోవిడ్‌తో వెళ్లిపోయాడు. ఈ రెండు వాక్యాల దగ్గర వ్యంగ్యం నాకు చేతకాలేదు, క్షమించాలి.

యూరప్ వాద్యకారులు ఇదంతా చూసి కాబోలు, సొంత కంపెనీలే పెట్టుకున్నారు: 1967లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐసీపీ, 1969లో బెర్లిన్‌లో ఎఫ్ఎంపీ, 1970లో లండన్‌లో ఇంకస్. జర్మన్ సాక్సఫోన్ వాద్యకారుడు పీటర్ బ్రోట్జ్‌మన్ 1968లో ‘మెషిన్ గన్’ను 300 కాపీలు సొంతంగా వేసుకున్నాడు. ఈ ఏర్పాటులో ఒక సుఖముంది, డబ్బివ్వని యజమానిని తిట్టాలంటే అద్దం ముందు నిలబడితే సరి.

అన్నిటికన్నా మచ్చలేని ఒప్పందం మాత్రం ఐసీపీదే. వాళ్ల రికార్డు ఒకదానికి మొదటి వైపు అమెరికన్ జాజ్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ, చనిపోవడానికి కొన్ని వారాల ముందు వాయించింది. రెండో వైపు 1972 నాటి యుగళం: పియానో మిషా మెంగెల్‌బర్గ్, గాత్రం ఆయన ఇంటి చిలక ఈకో. రాయల్టీ రాలేదని ఈకో ఏనాడూ పత్రికలకెక్కలేదు. కనుక స్వతంత్ర కంపెనీలు ఇకపై ఒప్పందాలన్నీ చిలకలతోనే రాసుకోవాలనీ, జామపండు మాత్రం అడ్వాన్స్‌గా ముందే చేతికి, అంటే ముక్కుకి, అందించాలనీ నా మనవి.