ఆగిన బరువు కదలాలంటే కంచంలో పప్పు పెరగాలి

నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లోనైనా, ఒంగోలు పీవీఆర్ గ్రౌండ్‌లోనైనా పొద్దున్నే నడిచేవాళ్లను కదిలిస్తే ఒకటే మాట: మొదట్లో బాగానే తగ్గాం, ఇప్పుడు కాటా ముల్లు కదలడం లేదు. దానికి అందరూ చేసుకునే వైద్యమూ ఒకటే. రాత్రి అన్నం మానేసినవాళ్లు మధ్యాహ్నం కూడా సగం చేస్తారు, నాలుగు రౌండ్లు నడిచేవాళ్లు ఆరుకు ఎక్కుతారు. కొన్నాళ్లకు నీరసం వస్తుంది, పండక్కి ఒక్కసారిగా తిండి మీద పడతారు, పోయిన కిలోలు తిరిగి వచ్చి కూర్చుంటాయి. తగ్గించడంలో మనవాళ్లకు లోటేమీ లేదు. పెంచాల్సింది పెంచకపోవడంతోనే బండి ఆగిపోతోంది.

ఒళ్లు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. ఒక్కో కిలో తగ్గినకొద్దీ శరీరం రోజుకు ఖర్చుపెట్టేది 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది, ఆకలి మాత్రం దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుంది. 82 కిలోల మనిషి 74కు వచ్చాడంటే ఖర్చులో 200 కేలరీల దాకా కోత పడినట్టే. మొదట్లో పనిచేసిన డైట్ ఇప్పుడు పనిచేయకపోవడానికి కారణం ఇదే. పైగా తొలి వారాల్లో చకచకా పోయిన దాంట్లో నీటి బరువూ ఉంటుంది. ఆ వేగం మళ్లీ రాదు.

ముందు నిజంగా ఆగిందో లేదో తేల్చుకోవాలి. ఆవకాయ, ఎండుచేపల పులుసు తిన్న మర్నాడు ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. నెలసరి ముందు ఆడవాళ్లకూ, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన వాళ్లకూ అంతే. రోజూ పొద్దున దొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూగి రాసుకోవాలి. ఏడు రోజుల సగటును పోయిన వారం సగటుతో పోల్చాలి. బొడ్డు దగ్గర టేపుతో నడుము కూడా కొలవాలి. నాలుగు వారాలు సగటూ, నడుమూ రెండూ కదలకపోతేనే ఆగినట్టు లెక్క.

ఆగిందని తేలితే ముందు చూడాల్సింది నూనె పొట్లం. లీటరు నూనె 910 గ్రాములు, గ్రాముకు 9 కేలరీలు. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు. మూడు లీటర్లతో సరిపెడితే 23 గ్రాములు, 205 కేలరీలు. ఇదొక్కటే తలకు 135 కేలరీల తేడా. అన్నం గరిటెలు లెక్కపెట్టేవాళ్లు కూడా నూనె లెక్క చూడరు, ఎందుకంటే అది కంచంలో కనిపించదు. వేపుడులోకీ, పులుసు మీద తేలే తేటలోకీ, కారం దోశ అంచుల్లోకీ దారి చేసుకుంటుంది. పొట్లం కత్తిరించిన తేదీ దాని మీదే రాసిపెట్టండి, పోపులోకి చెంచాతో కొలిచి పోయండి.

రెండో పొరపాటు సంగటి. అన్నం బదులు రాగి ముద్ద తింటున్నాం కదా అని ధీమా. వంద గ్రాముల రాగిపిండికీ, వంద గ్రాముల బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. రాగి మంచిదే, కానీ ముద్ద సైజు అలాగే ఉంటే బరువూ అలాగే ఉంటుంది.

ఇక అసలు సంగతి ప్రోటీన్. నలుగురి ఇంట్లో 150 గ్రాముల కందిపప్పు ఉడికిస్తే మనిషికి దక్కేది 8 గ్రాములు. రోజుకు 250 గ్రాముల బియ్యం, కప్పు పెరుగు కలిపినా మొత్తం 40కి అటూఇటూ. బరువు తగ్గే దశలో ఒంటి బరువు కిలోకు 1.2 గ్రాముల చొప్పున 74 కిలోల మనిషికి 90 దాకా కావాలి. ఆ లోటుతో తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కరుగుతుంది. కండ కరిగితే ఖర్చు ఇంకా పడిపోతుంది, ఆకలి ఇంకా రేగుతుంది. ప్రోటీన్ కేలరీల్లో 20 నుంచి 30 శాతం దాన్ని అరిగించడానికే పోతాయి, పిండిపదార్థంలో 5 నుంచి 10 శాతమే. కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉండేదీ దీనితోనే.

లెక్క చూడండి. బియ్యం 250 నుంచి 150 గ్రాములకు దించితే 350 కేలరీలు పోతాయి. పప్పు రెట్టింపు చేస్తే 125, రెండు గుడ్లకు 140, పావుకిలో రొయ్యలకు 125 వచ్చి చేరతాయి. సాయంత్రం గుప్పెడు మిక్చర్ బదులు 50 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించుకుంటే 90 తగ్గుతాయి. నూనెలో మిగిల్చిన 135 కలిపితే మొత్తం మీద 200కు దగ్గరగా లోటు తిరిగి వచ్చింది, ప్రోటీన్ 85కు చేరింది. కడుపు మాడలేదు. రొయ్యలు వంద కౌంట్‌వి, అంటే కిలోకు వంద తూగేవి చాలు: పావుకిలోకు పాతిక తూగుతాయి, తల, పొట్టు తీస్తే 140 గ్రాముల కండ, అందులో ప్రోటీన్ 26 గ్రాములు. శాకాహారులకు 50 గ్రాముల మీల్‌మేకర్‌లో అంతే దొరుకుతుంది. జాగ్రత్త ఒక్కటే: అన్నం తగ్గించకుండా ఇవన్నీ పైన వడ్డిస్తే బరువు పెరుగుతుంది.

తిన్నది కండకు పట్టాలంటే బరువులెత్తాలి. నడక గుండెకు మంచిది, కండను నిలపడానికి చాలదు. వారంలో మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, గోడకు పుషప్పులు, సగం నింపిన 20 లీటర్ల నీళ్ల క్యాన్ నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తడం, ఒక్కోటి పన్నెండేసి చొప్పున మూడు విడతలు. తేలికనిపించినప్పుడల్లా క్యాన్‌లో రెండు లీటర్లు పెంచాలి. అదే బరువుతో నెలలు గడిపేస్తే కండ ఎదగదు.

ఇదంతా థైరాయిడ్ వల్ల అనేవాళ్లున్నారు. నిజమే కావచ్చు, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు కూడా బరువును పట్టి ఉంచుతాయి. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కనిగిరి వైపు వాళ్లు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ప్రోటీన్ పెంచకూడదు. కానీ రిపోర్టులు సరిగ్గా ఉన్నా ముల్లు కదలనివాళ్లకు థైరాయిడ్ పేరు సాకు కాకూడదు.

ఇంత చెప్పాక అడగాల్సింది ఇంకోటి ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రోటీన్‌కు కరువెక్కడిది? ప్రకాశంలో పండిన జేజీ-11, కాక్-2 రకం శనగలు ధర రాక కోల్డ్ స్టోరేజీల్లో మూలుగుతుంటాయి. నెల్లూరు తీరమంతా రొయ్యల చెరువులే, సరుకు ఎక్కువగా పోయేది అమెరికాకు. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరగానే ఇక్కడి రైతు గుండె జారిపోయింది. అదే ఊళ్లో రేషన్ కార్డు మీద నెలనెలా ఖాయంగా వచ్చేది మనిషికి ఐదు కిలోల బియ్యం. కందిపప్పు వచ్చిన నెలలున్నాయి, రాని నెలలున్నాయి. బియ్యం మాత్రమే నిలకడగా ఇచ్చి, షుగరొచ్చాక అన్నం మానేయమని ఆసుపత్రిలో చెప్పడం ఏం న్యాయం? తిండిలో తృణధాన్యాల వాటా తగ్గించి పప్పులు పెంచమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఆ మాట రేషన్ దుకాణం దాకా రాలేదు.

కార్డుకు నెలకు రెండు కిలోల శనగలు జిల్లాలోనే కొని జిల్లాలోనే పంచవచ్చు. నాగులుప్పలపాడు రైతుకు గిట్టుబాటు, ఒంగోలులో కూలి పనికి వెళ్లే ఇంటికి ప్రోటీన్. వంద కౌంట్ రొయ్య ధర చెరువు గట్టు మీద పడిపోయినప్పుడల్లా రైతుబజార్లో ఒలిచిన పావుకిలో పొట్లాలు అమ్మించవచ్చు. దానికి కావాల్సింది ఒక ఐసు పెట్టె, ఒక కాటా, ఒలిచేవాళ్లు ఇద్దరు.