ఊళ్ల పేర్లతో చెప్పండి సార్

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో భారీ వర్షాలు, ఈదురుగాలులు అని వార్త వేశారు, మంచిదే. కానీ జిల్లా పేరు చెబితే జనానికి ఏం అర్థమవుతుంది? వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ. తిరుపతికి మాత్రం ఊళ్లో పడిన వాన ఒక్కటే లెక్క కాదు. శేషాచలం కొండల మీద పడిన నీళ్లు కూడా కపిలతీర్థం లాంటి చోట్ల దూకి కిందికి వస్తాయి. 2021 నవంబరులో చూశాం కదా, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, వీధులు కాలవలయ్యాయి. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట దగ్గర నీళ్లు ఊరుతున్నాయని తెలిసి కింది ఊళ్లవాళ్లు పిల్లాజెల్లాతో ఇళ్లు ఖాళీ చేశారు, పాడి ఆవుల్ని ఎక్కడ కట్టేయాలో తెలీక అల్లాడిపోయారు.

అందుకే ఏ చెరువు నిండింది, ఏ వంక పొంగుతోంది, ఏ అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయి, ఇవి గంటగంటకూ రాయండి. అరటి రైతులకు గాలి సంగతి ముందే తెలిస్తే గెల వేసిన చెట్లకైనా వెదురు కర్రలు ఊతమిస్తారు. ఇది చదివేవాళ్లు కూడా, రాత్రిపూట వంకలు దాటొద్దని మీ వాళ్లకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.