లయోల్ కత్తి మీది తేనెటీగ దేనికీ సాక్ష్యం కాదు

ఫ్రెంచి మడతకత్తి కొనాలనుకునేవాళ్ళకు ఎవరో ఒకరు తప్పకుండా పంపే సలహా ఒకటుంది: "స్ప్రింగు మీద తేనెటీగ ఉంటేనే అసలైన లయోల్. ఆ గుర్తు నెపోలియన్ ఇచ్చాడు. లయోల్ ఊళ్ళో చేసినవి తప్ప మిగతావన్నీ నకిలీ. మూసేటప్పుడు టక్కుమని మోగితే స్ప్రింగు గట్టిదని అర్థం. బ్లేడు నల్లబడితే నాసిరకం ఉక్కు." ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. వీటిని నమ్మి కొందరు డబ్బు పోగొట్టుకుంటున్నారు, కొందరు మంచి కత్తిని కొని చేజేతులా పాడుచేసుకుంటున్నారు. ఒక్కొక్కటే చూద్దాం. ఇక్కడ స్ప్రింగు అంటే పిడి వెన్ను పొడవునా ఉండే ఉక్కు పట్టీ. ముందు పేరు సంగతి: ఫ్రెంచి స్పెల్లింగులో 'గ' ఉంటుంది కానీ పలకరు. లయోల్ అనాలి.

"నెపోలియన్ ఇచ్చాడు"

1804లో చక్రవర్తి అయినప్పుడు నెపోలియన్ తేనెటీగను తన చిహ్నాల్లో చేర్చుకున్న మాట నిజమే. ఆయన 1821లో పోయాడు. దక్షిణ ఫ్రాన్సులో ఓబ్రాక్ పీఠభూమి మీదున్న లయోల్ ఊళ్ళో పియేర్-జాన్ కల్మెల్స్ ఈ కత్తికి రూపమిచ్చింది 1829 ప్రాంతంలో అని చెబుతారు. అప్పటికి పుట్టని కత్తికి ఆయన ముద్ర ఎలా ఇస్తాడు? 19వ శతాబ్దపు కత్తుల మీద ఆ చోటు సాదాగానో, పువ్వు, ఆకు లాంటి నగిషీతోనో ఉండేది. ఈగ బొమ్మ స్థిరపడింది 20వ శతాబ్దంలోనే. స్ప్రింగు చివర కీలు దగ్గర వెడల్పుగా ఉండే ముక్కను అక్కడి కత్తుల పనివాళ్ళు 'మూష్' అంటారు. ఆ మాటకు ఫ్రెంచిలో ఈగ అనే అర్థం. నగిషీ ఏదైనా, అసలు లేకపోయినా, ఆ ముక్క పేరు మాత్రం అదే.

ఇది పశువుల కాపరుల, రైతుల కత్తి. బ్లేడు పక్కన ఉండే పొడవాటి దబ్బనం పశువు కడుపు ఉబ్బినప్పుడు పొడిచి గాలి తీయడానికి వాడేవాళ్ళు. 1880లో వైను సీసా బిరడా తీసే మరచుట్టు చేరింది. ఇంత చక్కటి చరిత్ర ఉండగా లేని రాజముద్ర తగిలించడం ఆ పల్లె పనివాళ్ళకే అన్యాయం.

"తేనెటీగ ఉంటేనే అసలు, ఊళ్ళో చేస్తేనే అసలు"

లయోల్ అన్నది కత్తి రకానికి పేరు, ఒక కంపెనీ పేరు కాదు. తేనెటీగ అచ్చు గుద్దుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. చైనాలో, పాకిస్తాన్‌లో తయారై కొద్ది యూరోలకు దొరికే కత్తుల మీద కూడా ఆ ఈగ ఉంటుంది. ఊరి వాదం కూడా అంతే. 20వ శతాబ్దంలో లయోల్‌లో ఈ పని దాదాపు ఆగిపోయింది. అప్పుడు ఈ కత్తిని బతికించింది ఓవెర్న్ ప్రాంతంలోని తియేర్ పట్టణం. డ్యురోల్ నది నీటి బలంతో తిరిగే సానచక్రాల పైన పలకల మీద బోర్లా పడుకుని, చలికి కాళ్ళ మీద కుక్కను పడుకోబెట్టుకుని సాన పట్టిన పనివాళ్ళ ఊరు అది. లయోల్ ఊళ్ళో పని మళ్ళీ ఊపందుకున్నది 1980ల్లో. తియేర్ కత్తిని నకిలీ అనడం తెలియక అనే మాట.

మరి దేన్ని చూసి కొనాలి? ముందు బ్లేడు మీద 'లయోల్' అనే మాటతో పాటు తయారీదారు పేరు ఉందా చూడండి. ఆ తర్వాత కీలు. తెరిచి, బ్లేడును వేళ్ళతో పక్కలకు నొక్కితే కదలకూడదు. బ్లేడు వెన్నూ స్ప్రింగు వెన్నూ ఒకే మట్టంలో కలవాలి, గోరు నడిపితే తట్టుకోకూడదు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే స్ప్రింగుకూ పిడి లోపల రెండు పక్కలా ఉండే లోహపు రేకులకూ మధ్య వెలుతురు గీత కనపడకూడదు. మూసినప్పుడు బ్లేడు రెండు రేకుల నడుమ ఉండాలి, ఒక రేకును రాసుకుంటూ పోకూడదు. ఈగను భూతద్దంతో చూస్తే స్ప్రింగులోంచే చెక్కారా, విడిగా చేసి అతికారా తెలుస్తుంది. అతికించినంత మాత్రాన చెడ్డది కాదు, ధర మాత్రం తక్కువ ఉండాలి. స్ప్రింగు వెన్ను మీది నగిషీ ఆకురాయితో చేత్తో చేసినదైతే రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఉండదు. ఆ చిన్న తేడాయే చేతిపనికి గుర్తు.

"టక్కుమని మోగాలి"

అన్నిటికన్నా నష్టం చేసేది ఈ మాట. లయోల్‌కు తాళం లేదు. స్ప్రింగు బిగువే బ్లేడును తెరిచినప్పుడూ మూసినప్పుడూ పట్టి ఉంచుతుంది. మూసినప్పుడు వాదరకూ (బ్లేడు పదునైన అంచు) లోపలి స్ప్రింగుకూ మధ్య సందు చాలా తక్కువ. బ్లేడును వదిలేస్తే ఆ బిగువుకే వేగంగా పడి, వాదర పోయి ఉక్కుకు కొట్టుకుంటుంది. మీకు వినిపించే టక్కు అదే కావచ్చు. బ్లేడు మడమ దగ్గర, అంటే కీలు వైపు మొదట్లో, ఆపు పెట్టిన కత్తుల్లో ఈ ప్రమాదం తక్కువ, అన్నీ అలా ఉండవు.

దెబ్బ తిన్నదో లేదో చూడాలంటే వాదర పైకి ఉండేట్టు దీపం కింద పట్టుకోండి. పదునున్న వాదర మెరవదు. ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అక్కడ నొక్కుపడింది. ఆ చోటొక్కటే నూరితే వాదర గుంటపడుతుంది, కాబట్టి బ్లేడు పొడవునా నూరాలి. 1000 నంబరు సానరాయి చాలు, ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీలు. బ్లేడు వెడల్పు 15 మిల్లీమీటర్లు అనుకుంటే వెన్ను రాయికి 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. అసలు ఆ అవసరం రాకుండా ఉండాలంటే ఎడమచేత్తో పిడి పట్టుకుని, ఆ వేళ్ళు గాడిలోకి రాకుండా చూసుకుని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య బ్లేడు వెన్నును పట్టి చివరిదాకా తీసుకెళ్ళండి.

తాళం కావాలనుకునేవాళ్ళకు ఫ్రాన్సులోనే సవ్వా ప్రాంతపు ఒపినెల్ మడతకత్తి ఉంది. 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన కత్తి. తిప్పితే బిగిసే ఉంగరం 1955లో వచ్చింది. చిన్న సైజులకు, అంటే 2 నుంచి 5 నంబర్ల వరకు, ఉంగరం ఉండదు. దాని బీచ్ చెక్క పిడి తడిస్తే ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు పట్టకారు వాడొద్దు. ఉంగరం వదులు స్థానానికి తిప్పి, పిడి తోకను చెక్క బల్ల మీద తట్టండి, గోరు పట్టేంత బ్లేడు బయటికొస్తుంది. నీళ్ళలో నానబెట్టకపోతే ఆ తిప్పలే ఉండవు.

"నల్లబడితే నాసిరకం"

కార్బన్ ఉక్కుకు నలుపు సహజం. మామిడికాయ కోసిన ఇనుప కత్తిపీటను చూసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒపినెల్ కార్బన్ బ్లేడులో కార్బన్ 0.90 శాతం దాకా ఉంటుంది. పులుపు తగిలితే బూడిదరంగు, నీలం, తర్వాత నలుపు. ఆ పొర తుప్పును కొంత అడ్డుకుంటుంది, తోమి పోగొట్టొద్దు. పోగొట్టాల్సింది వేలికి గరుకుగా తగిలే ఎర్రటి తుప్పును మాత్రమే. సన్నటి స్టీలు పీచుకు రెండు చుక్కల నూనె అద్ది, బ్లేడు పొడవు వెంట రుద్దాలి. వాడిన వెంటనే తుడిచి ఆరబెట్టి, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ఒక చుక్క బ్లేడుకూ, ఒక చుక్క కీలుకూ వేయండి. వంటనూనె మాత్రం వద్దు, కొన్నాళ్ళకు జిగురుగా మారి కీలులో దుమ్మును పట్టేసుకుంటుంది.