నాక్ బృందం వస్తోంది, గ్రౌండులో ముగ్గేయండి

మన యూనివర్సిటీల్లో ఆటలకు దిక్కులేదని నోరు పారేసుకునేవాళ్లు, విద్యాసంస్థల్ని తనిఖీ చేసి గ్రేడు ఇచ్చే నాక్ బృందం రావడానికి పదిహేను రోజుల ముందు ఏ క్యాంపస్‌కైనా ఒక్కసారి వెళ్లి చూడాలి. ఐదేళ్లుగా పల్లేరుకాయలూ వయ్యారిభామా ఏలుకుంటున్న గ్రౌండులోకి జేసీబీ దిగుతుంది. అక్కడ మేసే గేదెలను అదిలిస్తారు. ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్ని ఎప్పుడూ ‘ఏమయ్యా’ అని పిలిచే రిజిస్ట్రారు ఆ రెండు వారాలూ ‘పీడీ గారూ’ అంటారు. క్రీడాభివృద్ధి అంటే ఇంతకన్నా ఏం కావాలి?

ముందు ట్రాకు. తమ గురించి తామే రాసుకుని నాక్‌కి పంపే సెల్ఫ్ స్టడీ రిపోర్టులో ‘400 మీటర్లు, 8 లేన్లు’ అని ఎప్పుడో రాసేశారు కాబట్టి దాన్నిప్పుడు నేల మీదికి దించాలి. ఇక్కడే లెక్కలు మొరాయిస్తాయి. అటూ ఇటూ 84.39 మీటర్ల తిన్నని దారి, రెండు చివర్లా 36.50 మీటర్ల వ్యాసార్ధంతో వంపు, ఒక్కో లేను 1.22 మీటర్లు. అన్నీ కూడితే 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు, అంటే నాలుగెకరాల పైమాటే. గ్రౌండు చూస్తే మూడెకరాలు. నాలుగో ఎకరంలో గెస్ట్‌హౌస్ కట్టేశారు, రేపు బృందం దిగేది అందులోనే. గెస్ట్‌హౌస్‌ని జరపలేరు గనక వంపుల్ని జరుపుతారు. కొలిస్తే చుట్టు 350 తేలుతుంది. కొలిచేదెవరు?

వంపు గీయాలంటే మధ్యలో మేకు కొట్టి స్టీలు టేపు పట్టుకుని తిరగాలి. టేపు స్టోర్‌రూములో ఉంది, తాళంచెవి అటెండరు దగ్గరుంది, అటెండరు పెళ్లికెళ్లాడు. అందుకని నైలాను తాడు. తాడు లాగినకొద్దీ సాగుతుంది. 10 సెంటీమీటర్లు సాగిందంటే రెండు వంపులకీ కలిపి చుట్టు 63 సెంటీమీటర్లు పెరుగుతుంది. పోనీలెండి, అలాగైనా 400కి కాస్త దగ్గరవుతుంది.

అసలైన 400 మీటర్ల ట్రాకుకి ఎనిమిది లేన్లంటే తొమ్మిది గీతలు, దగ్గరదగ్గర 3,860 మీటర్లు. సంక్రాంతికి వీధంతా కలిసి వేసినా అంత ముగ్గు పడదు. ముగ్గుపిండి ఖర్చెక్కువని సున్నం తెస్తారు. సరిగా విరగని సున్నానికి చెమట తగిలితే ఒళ్లు పొక్కుతుంది, కళ్లలో పడితే ఆస్పత్రే. అయితే ఆ భయం అక్కర్లేదు. గీతలు చెరుగుతాయని, బృందం వెళ్లేదాకా ట్రాకు మీద ఎవరూ అడుగు పెట్టరాదని నోటీసు అంటిస్తారు.

బృందం ముందు మాత్రం ఓ పరుగు ఉంటుంది. నిజానికి 400 మీటర్లకు రెండో లేనువాణ్ని 7.04 మీటర్లు, ఎనిమిదోవాణ్ని 53.03 మీటర్లు ముందు నిలబెట్టాలి, లేకపోతే బయటివాడు అంత ఎక్కువ పరిగెత్తాలి. మనవాళ్లు ఎనిమిదిమందినీ ఒకే గీత మీద నిలబెడతారు. అందర్నీ సమానంగా చూడడమంటే అదే కదా! పక్కన అమ్మాయిల వాలీబాల్. వాళ్ల నెట్టు 2.24 మీటర్ల ఎత్తులో ఉండాలి, కట్టింది అబ్బాయిల 2.43కి. ఎగిరి కొట్టిన బంతి మూడుసార్లు నెట్టుకే తగులుతుంది. చూస్తున్న సభ్యుడు రసాయనశాస్త్రం ప్రొఫెసరు, చప్పట్లు కొడతాడు.

స్టోర్‌రూము తెరిస్తే బయటపడే సంపదే వేరు. 7.26 కిలోల షాట్‌పుట్ గుండు ఇన్నాళ్లూ డీన్ ఆఫీసు తలుపు మూసుకుపోకుండా కాపలా కాసింది. 600 గ్రాముల జావెలిన్ కొసకి చీపురు కట్టి బూజు దులిపారు. ఆ చీపురు విప్పి, తుడిచి, స్టాండులో నిలబెడితే అదే ‘క్రీడా మౌలిక వసతి’.

ఇంత చేసినా ఇదంతా పైపూతే. మార్కుల్లో దాదాపు 70 శాతం బృందం రైలెక్కకముందే, అప్‌లోడ్ చేసిన అంకెల మీదే తేలిపోతాయి. అసలు ఆట అక్కడ. కబడ్డీ జట్టు పతకం తెస్తే పన్నెండుమందికి పన్నెండు పతకాలని రాస్తారు. జట్టు పతకాన్ని ఒకటిగానే లెక్కించాలని పరిశీలకులు తిప్పి పంపుతారు. పాల్గొన్నందుకిచ్చిన సర్టిఫికెట్లు పెడితే అవీ చెల్లవంటారు. వార్షిక క్రీడల్ని పరుగుపందెం ఒకటి, తాడు లాగుడు ఒకటి, అధ్యాపకుల కుర్చీలాట ఒకటి అని ముక్కలు చేస్తే, మొత్తం ఒకే కార్యక్రమమని కొట్టేస్తారు. ఇక ఫొటోలు. అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం ముద్రపడే యాప్‌లోనే తీయాలి. ఐదేళ్ల ఫొటోలు ఒకే మధ్యాహ్నం తీసేసి, తేదీలు మాత్రం మార్చగలిగారనుకోండి. ఐదేళ్లూ అవే టీషర్టులు, అదే కుర్రాడి మోకాలికి అదే కట్టు! ఆ కట్టు మీద కన్నుపడేదాకా అంతా సవ్యమే.

గ్రేడు వచ్చేస్తుంది. గేటు మీద బ్యానరు కడతారు. మొదటి వానకి సున్నం కొట్టుకుపోతుంది, నోటీసు ఊడిపోతుంది. తెల్లారుజామున ఐదింటికి మళ్లీ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న కుర్రాళ్లు గోడ దూకి వస్తారు. పరీక్షలో 1,600 మీటర్లు పరిగెత్తాలి. ట్రాకు 400 అని బోర్డు మీద రాసుంది గనక నాలుగు రౌండ్లు లెక్కపెట్టుకుని, టైము చూసుకుని మురిసిపోతారు. పరుగు పరీక్ష రోజున, పోలీసు గ్రౌండులో, 1,400 దాటాక ఊపిరి ఎందుకు అందలేదో వాళ్లకి అర్థం కాదు.