‘చెడు రక్తమేగా, పోనివ్వండి’ అనే మెసేజ్‌కి నా జవాబు

మా వదిన వాట్సాప్‌లో పంపిన మెసేజ్ ఇది: “మెనోపాజ్ దగ్గరపడ్డాక బ్లీడింగ్ ఎక్కువ కావడం సహజం. ఏళ్ల తరబడి పేరుకున్న చెడు రక్తం పోతుంది, ఆపకూడదు. హార్మోన్ మందులు వాడితే క్యాన్సర్ వస్తుంది. ఓర్చుకోలేకపోతే గర్భసంచి తీయించుకోవడమే మార్గం. ఆగిపోయాక మళ్లీ కాస్త కనిపించినా భయం లేదు.” ఇదే మెసేజ్ నాకు మరో రెండు చోట్ల నుంచీ వచ్చింది. రెండేళ్ల కిందట నేనైతే ఏ మెసేజూ రాకుండానే ఇవన్నీ నమ్మాను.

‘సహజం’ అనే మాటలో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. ముట్లు ఆగిపోయే ముందు కొన్నేళ్లు అండం ప్రతి నెలా విడుదల కాదు. విడుదల కాని నెలలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ సరిగా తయారవదు. ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ ఒక్కటే పనిచేస్తూ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుకుంటూ పోతుంది. ఆ పొర ఊడినప్పుడు బ్లీడింగ్ విపరీతంగా అవుతుంది. అందుకని తేదీలు తప్పడం, ఒక నెల రాకపోవడం వయసు వల్లే కావచ్చు. కానీ అదే వయసులో ఫైబ్రాయిడ్స్ (గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డలు), పాలిప్స్ (లోపలి పొర మీద వచ్చే చిన్న కండ), అడెనోమయోసిస్ (లోపలి పొర గర్భసంచి కండరంలోకి పెరగడం), థైరాయిడ్ తేడా, రక్తం పలచబడే మందులు, కాపర్ టీ కూడా ఇదే పని చేస్తాయి. కొద్దిమందిలో అది లోపలి పొర క్యాన్సర్, లేదా దాని ముందు దశ. బయటికి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే డాక్టర్లు స్కాన్ చేయిస్తారు, 45 దాటితే చాలాసార్లు బయాప్సీ (పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) కూడా చేయిస్తారు. వయసు చెప్పి ఊరుకోరు, ఊరుకుంటే ఇంకో డాక్టర్ని చూడాలి.

ఇంతకీ ‘ఎక్కువ’ అంటే ఎంత? పాత లెక్క ప్రకారం ఒక పీరియడ్‌లో 80 మిల్లీలీటర్లు దాటితే. ఎవరు కొలుస్తారు? ఇప్పుడు డాక్టర్లు అడిగేది, మీ రోజువారీ పనులకు అడ్డొస్తోందా అని. నేను కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి సీటు చూసుకునేదాన్ని. రాత్రి రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకుని, కింద పాత టవల్ మడత వేసుకుని, రెండింటికి అలారం పెట్టుకుని పడుకునేదాన్ని. ఇవన్నీ జాగ్రత్తలు అనుకున్నాను. డాక్టరుకు చెప్పుకోవాల్సిన లక్షణాలని తట్టనే లేదు.

‘చెడు రక్తం’ అనేదే లేదు. పరీక్షకి చేతి నరంలోంచి తీసేదీ ఇదీ ఒకటే రక్తం, దాంతోపాటు ఊడిన పొర. గడ్డలు పడితే విషం పోతున్నట్టు అనిపిస్తుంది గానీ, రక్తం మరీ వేగంగా పోతున్నప్పుడు దాన్ని పలచగా ఉంచే ఏర్పాటు అందుకోలేకపోతుంది, అంతే. నిజంగా పోయేది ఐరన్. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత. నాకు 7.9 వచ్చింది. అంతకుముందు కొన్ని నెలలుగా మెట్ల మధ్యలో ఆగి, ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకుంటున్నాను! హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వలు తగ్గి ఉండొచ్చు. కాబట్టి ఆ నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి.

‘ఆపకూడదు’ అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు ఉంది, అది హార్మోన్ కాదు, ఎక్కువగా అయ్యే ఆ నాలుగైదు రోజులే వేసుకుంటారు, బ్లీడింగ్ దాదాపు సగం వరకూ తగ్గొచ్చు. కాళ్లలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టి ఉంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి.

హార్మోన్లతో క్యాన్సర్ అనే భయం దగ్గర మెసేజ్ విషయాన్ని తలకిందులు చేసింది. లోపలి పొర విషయంలో ముప్పు, ప్రొజెస్టిరాన్ తోడు లేకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే ఏళ్ల తరబడి పనిచేయడం వల్ల. ప్రొజెస్టిరాన్ మందు ఆ పొరను పలచబరుస్తుంది. గర్భసంచిలో పెట్టే మిరెనా లాంటి హార్మోన్ లూప్ చేసేదీ అదే, పైగా మందు ఎక్కువగా గర్భసంచిలోనే పనిచేస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లకి సాధారణంగా ఇవ్వరు. లూప్ గురించి నాకు ఎవరూ గట్టిగా చెప్పని మాట ఒకటుంది: మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉంటుంది, విసుగొస్తుంది. పనిచేయలేదనుకుని తీయించేసుకునేది అప్పుడే. నేనూ నాలుగో నెలలో అపాయింట్‌మెంట్ తీసుకుని, ముందురోజు రద్దు చేసుకున్నాను.

ఇక ఆపరేషన్. ఓర్చుకోవడానికీ తీయించుకోవడానికీ మధ్య మందులున్నాయి, లూప్ ఉంది, లోపలి పొరను మాడ్చే అబ్లేషన్ ఉంది, ఫైబ్రాయిడ్‌కి రక్తం అందకుండా చేసే పద్ధతి ఉంది. ఫిన్లాండ్‌లో 236 మంది స్త్రీలలో కొందరికి లూప్, కొందరికి ఆపరేషన్ చేసి 5 ఏళ్లు చూశారు. లూప్ పెట్టించుకున్నవాళ్లలో 42 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. మిగతావాళ్లకి ఆ అవసరం రాలేదు. ఇరువైపులా జీవన నాణ్యత మాత్రం ఒకేలా ఉంది. ఈ అంకెను లూప్ వైపూ వాదించొచ్చు, ఆపరేషన్ వైపూ వాదించొచ్చు. నేను ఆపరేషన్‌కి వ్యతిరేకిని కాను, కొందరికి అదే సరైనది. అయితే ‘ఎలాగూ కోస్తున్నాం, అండాశయాలు కూడా తీసేద్దాం’ అంటే, ఎందుకని అడగండి. అవి తీస్తే మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది, ఎముకల మీదా గుండె మీదా ప్రభావం ఉంటుంది.

గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా ఏ చర్చా వద్దు, వెంటనే ఆసుపత్రికి.

మెసేజ్‌లోని చివరి వాక్యమే, ఆగిపోయాక మళ్లీ కనిపించినా భయం లేదన్నదే, నాకు ఎక్కువ కోపం తెప్పించింది. పీరియడ్స్ ఆగి 12 నెలలు దాటాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలి. అలా వచ్చిన పదిమందిలో ఇంచుమించు ఒకరికి క్యాన్సర్ ఉంటుంది. మిగతావాళ్లకి చాలావరకు పొర పలచబడటమో, పాలిపో. తొందరగా పట్టుకుంటే ఆ ఒక్కరికీ సాధారణంగా నయమవుతుంది.

ఇదంతా వదినకే ముందు పంపాను. గంటసేపు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసింది. “నాకు ఆగి ఏడాదిన్నర అయింది కదా, పోయిన నెల రెండుసార్లు మరకలా కనిపించింది. అది కూడా లెక్కేనా?” అంది. లెక్కేనన్నాను. గురువారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.