పిల్లల భవిష్యత్తు నాలుగేళ్లకే తేలిపోదు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. తెలివితేటలు 80 శాతం జన్యువులవేనట, పెంపకానికీ చదువుకీ మిగిలేది 20 శాతమేనట. నాలుగేళ్ల పిల్లల ముందు మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే ఇంకోటి ఇస్తామని చెప్పి, వాళ్లు ఆగుతారా లేదా చూస్తే భవిష్యత్తు చెప్పేయొచ్చట. ఇదంతా సైకాలజీ ప్రపంచమంతటా పరీక్షించి రుజువు చేసిందట. చివర్లో సలహా: 'రాని చదువుకు ట్యూషన్ల పేరుతో డబ్బు తగలెయ్యకండి.' ఆ సలహా చూశాకే ఇది రాయాలనిపించింది.

ముందు 80 శాతం సంగతి. కవలల మీద చేసిన పరిశోధనల్లో పెద్ద అంకెలు వచ్చిన మాట నిజమే. వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలను పరిశీలించిన మిన్నెసోటా విశ్వవిద్యాలయం బృందం, ఐక్యూ (తెలివితేటల పరీక్షలో వచ్చే అంకె) తేడాల్లో సుమారు 70 శాతం జన్యువులకు సంబంధించినదని 1990లో చెప్పింది. కానీ అది ఒక గుంపులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల లెక్క. ఒక్క పిల్లాణ్ణి నిలబెట్టి, వీడి తెలివిలో ఇంత తాతది, ఇంత మాస్టారిది అని పంచే లెక్క కాదు. పైగా తమ కవలల్లో నిజమైన పేదరికంలో గానీ, చదువురాని తల్లిదండ్రుల దగ్గర గానీ పెరిగినవాళ్లు తక్కువేనని ఆ బృందమే రాసింది. మెసేజ్‌లో ఆ ముక్క లేదు.

పేద ఇళ్లను కూడా కలిపి చూస్తే ఏమైంది? ఎరిక్ టర్క్‌హైమర్ అనే సైకాలజిస్టు 2003లో అమెరికాలోని ఏడేళ్ల కవలల లెక్కలు ప్రచురించాడు. బాగా పేద కుటుంబాల్లో ఐక్యూ తేడాల్లో 60 శాతం ఇంటి వాతావరణానిదే. జన్యువుల వాటా దాదాపు సున్నా. కలిగిన ఇళ్లలో ఈ లెక్క దాదాపు తిరగబడింది. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో మాత్రం ఈ తీరు కనబడలేదు. దేశాన్నిబట్టి, బతుకునుబట్టి ఇంతలా కదిలే అంకెను పిల్లల నుదుట ఎలా రాస్తాం? ఎత్తు విషయంలో తల్లిదండ్రుల పోలిక ఎంత బలంగా వస్తుందో అందరికీ తెలుసు. అయినా దక్షిణ కొరియా ఆడవాళ్ల సగటు ఎత్తు ఒక్క శతాబ్దంలో 20 సెంటీమీటర్లు పెరిగింది. అంత తొందరగా జన్యువులు మారవు. తిండి, ఆరోగ్యం మారాయి.

జన్యువుల ప్రభావమే లేదని నేను అనడం లేదు. అలా అనడం కూడా తప్పే.

ఇక మిఠాయి పరీక్ష. వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు 1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో ఉన్న నర్సరీ పిల్లలతో మొదలుపెట్టాడు. ఎక్కువసేపు ఆగినవాళ్లు పెద్దయ్యాక చదువులో ముందున్నారన్న ఫలితం ఆ పిల్లల్లో కొద్దిమంది నుంచి వచ్చింది. 2018లో టైలర్ వాట్స్ బృందం 900కు పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగమే కనబడింది. కుటుంబ పరిస్థితులు, చిన్నప్పటి సామర్థ్యం లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు పోయింది. అసలు మిషెలే ఇంకోటి చూపించాడు: ఎదురుగా ఉన్న మిఠాయిని తెల్లటి మబ్బు అనుకోమని చెబితే పిల్లలు ఎక్కువసేపు ఆగారు. అంటే ఆగడం నేర్పొచ్చు.

మా బంధువుల ఇంట్లో ఒకసారి ఖాజా పెట్టి ఈ పరీక్ష చేశారు. ఫోన్లో వీడియో కూడా. చిన్నపిల్ల చటుక్కున తినేసింది. 'దీనికి ఓపిక లేదు, అంతే' అన్నారు పెద్దవాళ్లు. ఆ పిల్లకి ఇద్దరు అన్నలు. పళ్లెంలో ఉంచుకున్నది ఆమెకు ఎప్పుడూ మిగలదు. 2013లో సెలెస్ట్ కిడ్ బృందం సరిగ్గా దీన్నే పరీక్షించింది. అంతకుముందు ఇచ్చిన మాట నిలబెట్టుకున్న పెద్దమనిషి ముందు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల ముందు 3 నిమిషాలే. నమ్మకం లేనిచోట వెంటనే తినేయడం తెలివైన పనే.

'ప్రపంచమంతటా' అన్నది శుద్ధ అబద్ధం. 2003-07 మధ్య వచ్చిన పేరున్న సైకాలజీ పత్రికలను లెక్కగట్టి చూస్తే, పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య దేశాలవాళ్లే. ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతమే. 'రుజువు' సంగతికొస్తే, 2015లో వంద పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే మూడో వంతు పైచిలుకే నిలబడ్డాయి.

మన పిల్లల పరిస్థితి వేరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియాలో పెట్టిన ఏ పరీక్షైనా తెలివితోపాటు ఒడియానూ కొలుస్తుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి ఈ చిక్కును వందేళ్ల కిందటే పట్టుకున్నారు. సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. మా వీధిలో మూడో తరగతి పిల్లాడొకడికి లెక్కలు రావని ఇంట్లో తేల్చేశారు. సంతకు తెచ్చిన 45 పనసకాయల్లో 28 అమ్మితే ఎన్ని మిగిలాయన్నది ఒడియా పుస్తకంలో లెక్క. వాడు రెండూ కూడేశాడు. అదే తెలుగులో చదివి వినిపిస్తే వేళ్లు మడిచి 17 అన్నాడు. వాడికి తీసివేత వచ్చు. ఒడియా వాక్యం చదివి అర్థం చేసుకోవడం రాదు. దానికి రోజూ ఒక గంట ట్యూషన్ చాలు. ఆ మెసేజ్ మాన్పించమంటున్నది ఆ గంటనే.