నీలం గుర్రం గిట్టలు

(మ్యూనిక్‌లో లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియం. వాసిలీ కాండిన్‌స్కీతో కలిసి ‘నీలి రౌతు’ అనే చిత్రకారుల బృందాన్ని మొదలుపెట్టిన ఫ్రాంజ్ మార్క్ 1911లో వేసిన ‘నీలి గుర్రం-1’ ముందు ఇద్దరు నిలబడ్డారు. ప్రకాశం జిల్లాలో పశువుల డాక్టరుగా చేసి రిటైరైన మామయ్య ఒకరు. ఈ ఊళ్ళోనే పిల్లలకు బొమ్మలు నేర్పే మేనకోడలు శిరీష ఇంకొకరు.)

మామయ్య: ఇలాంటి గుర్రాన్ని నా దగ్గరికి తోలుకొచ్చుంటే ముందు చిగుళ్ళు చూసేవాణ్ణి. చిగుళ్ళు నీలంగా ఉన్నాయంటే ఊపిరాడ్డం లేదని.

శిరీష: ఒళ్ళంతా నీలమైతే?

మామయ్య: పోస్టుమార్టమే.

శిరీష: నవ్వండి, ఫరవాలేదు. కానీ ఇతను జంతువు తెలియక వేసినవాడు కాదు. డబ్బుకి ఇబ్బందిపడ్డ రోజుల్లో తోటి చిత్రకారులకు జంతువుల ఒంటి నిర్మాణం పాఠాలు చెప్పాడు. ఎముకెక్కడ, కండెక్కడ, అన్నీ తెలుసు.

మామయ్య: నా గొడవంతా అదే! తెలియనివాడైతే పోనీలే అనుకుందును. ఆ గిట్టలు చూడు, ఎక్కడా వంకపెట్టడానికి లేదు. కాళ్ళు పొడుగు, ఒంటికి ఇంకా పొంకం రాలేదు. ఇది ఎదిగిన గుర్రం కాదు, పిల్లది. ఇంత చక్కగా చూసినవాడు దాని మీద నీలిమందు కుమ్మరించడం ఏమిటి?

శిరీష: 1910 డిసెంబరులో స్నేహితుడు ఆగస్ట్ మాకెకి జాబు రాశాడు. నీలం మగ తత్త్వం, ఆధ్యాత్మికం. పసుపు ఆడ తత్త్వం, మెత్తన, ఉల్లాసం. ఎరుపు జడపదార్థం, మోటు, బరువు. ఆ రెండూ దాన్ని ఎదిరించి లొంగదీసుకోవాలి.

మామయ్య: మరి దానికి గుర్రమెందుకు? తన వేదాంతానికి నోరులేనిదాని వీపు దొరికింది. పైగా ‘గుర్రానికి లోకం ఎలా కనబడుతుంది?’ అని అడిగాడని పొద్దున నువ్వే చెప్పావు.

శిరీష: అవును. మన కంటికి కనబడే ప్రకృతిలోకి జంతువును లాక్కొచ్చి నిలబెట్టడం దరిద్రపు అలవాటు, దాని మనసులోకి మనమే దిగాలి అన్నాడు.

మామయ్య: దిగితే ఏం కనబడుతుందో నేను చెప్తా విను. రంగుల్ని పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలు, గుర్రానికి రెండే. నీలం తెలుస్తుంది, పసుపు తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ దానికి కలగాపులగం. వెనకాల ఆ ఎర్రకొండ దానికి ఎర్రగా కనబడదు. ఇంక దాని కళ్ళతో చూసిందేముంది?

శిరీష: (కాసేపాగి) నీలం, పసుపు తెలుస్తాయి, ఎరుపు తెలీదు... మార్క్ మెచ్చుకున్న రెండూ అవే కదా మామయ్యా!

మామయ్య: కాకతాళీయం.

శిరీష: కాకతాళీయమే. దాని మీద వాదన కట్టను. నేననేదల్లా, ఆ జాబును నిఘంటువులా చేత్తో పట్టుకుని బొమ్మ దగ్గరికి రావద్దని. ఇందాక పులి బొమ్మ ముందు మీరు అరనిమిషం ఆగలేదు. దీని ముందు పావుగంట నుంచీ ఉన్నారు.

మామయ్య: పులికి నేనెప్పుడూ సూది వెయ్యలేదు.

శిరీష: అయితే ఇటు రండి. ‘పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఆవులు’, ఇదీ 1911దే. ముందున్న పసుపు ఆవు గాల్లోకి గెంతుతోంది. ఇదే గెంతుతో ఇంకా పెద్ద బొమ్మ న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది. మారియాతో పెళ్ళి సంబరాన్ని ఆ ఆవులో పెట్టాడని కొందరు విమర్శకులు అంటారు. కానివ్వండి, తిట్టండి.

మామయ్య: దీన్నెందుకు తిడతాను? ఇది ఉన్నదే.

శిరీష: ఏమిటీ?

మామయ్య: ఈ చలి దేశాల్లో శీతాకాలమంతా ఆవుల్ని కొట్టంలో కట్టేసి ఉంచుతారు. వసంతంలో పలుపు విప్పి పచ్చికలోకి వదిలారనుకో, పాలిచ్చే ఆవులు కూడా పొదుగు ఊగిపోతూ లేగదూడల్లా చెంగుచెంగున గంతులేస్తాయి. మూపురం లేని వెన్ను కదా, మన ఒంగోలు ఆవు కన్నా సాగినట్టు కనబడుతుంది. రంగంటావా, ఇతనుండే సిండెల్స్‌డోర్ఫ్ ఆల్ప్స్ కొండల దాపునే కదా. ఆ వైపు ముర్నావ్-వెర్డెన్‌ఫెల్స్ అనే జాతి ఉంది. ఎండుగడ్డి పసుపు నుంచి ఎర్రగోధుమ దాకా ఉంటాయి. ఇతను కాస్త చిక్కబరిచాడు, అంతే.

శిరీష: మీరు నాకు సాయం చేస్తున్నారో, నా వాదన చెడగొడుతున్నారో తెలీడం లేదు. చూసింది చూసినట్టే వేసినవాడైతే, 1937లో నాజీలు ఇతని ‘నీలి గుర్రాల గోపురం’ బొమ్మ తెచ్చి ‘భ్రష్ట కళ’ అంటూ ఇదే ఊళ్ళో ఎగతాళికి ఎందుకు వేలాడదీస్తారు? మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లోని వెర్దున్ దగ్గర దేశం కోసం పోయినవాడి బొమ్మను అలా పెడతారా అని సైనికాధికారుల సంఘం గొడవ చేస్తే తీసేశారు. తర్వాత నాజీ నాయకుడు గోరింగ్ చేతికి పోయింది. 1945 నుంచి అజా పజా లేదు.

మామయ్య: నాజీలు తిట్టారు కాబట్టి గొప్పదంటే బొమ్మను చూడ్డం మానేసినట్టే. యుద్ధం మాటెత్తావు కాబట్టి అడుగుతున్నా. అది యూరప్‌ను కడిగి శుభ్రం చేస్తుందని నమ్మి, 1914లో తనంతట తనే వెళ్ళి చేరాడా లేదా? గుర్రం మనసులోకి దిగినవాడు! ఫిరంగి బళ్ళకు కట్టి ఎన్ని లక్షల గుర్రాల్ని చంపారో ఆ యుద్ధంలో.

శిరీష: చేరాడు. దాన్ని నేను సమర్థించను. 1916 మార్చి 4న గుర్రమెక్కి దారి చూసిరావడానికి వెళ్ళి, ఫిరంగి గుండు ముక్క తగిలి పోయాడు. అప్పటికి 36 ఏళ్ళు. కానీ యుద్ధానికి ముందే, 1913లో, ‘జంతువుల గతి’ వేశాడు. స్విట్జర్లాండ్‌లోని బాజిల్‌లో ఉంది. అడవి కూలిపోతుంటే మధ్యలో ఒక లేడి మెడ పైకెత్తి ఉంటుంది. 1915లో యుద్ధరంగంలో ఎవరో పంపిన కార్డు మీద ఆ బొమ్మ చూసి, ఇది యుద్ధాన్ని ముందే కన్నట్టుంది, నేనే వేశానా అనిపిస్తోంది అని భార్యకు రాశాడు. 1916లో గోదాములో మంటలంటుకుని కుడివైపంతా పాడైతే అతని స్నేహితుడు, చిత్రకారుడు పాల్ క్లీ బాగుచేశాడు. ఆ మేర గోధుమరంగు వేశాడు, మాసిక వేసినట్టు తెలిసిపోతుంది.

మామయ్య: తెలిసేలా వెయ్యడమే మర్యాద. సరే, ఆ తర్వాత జంతువుల్ని వదిలేశాడన్నావే?

శిరీష: మొదట్లో మనుషులు వికారంగా, జంతువులు స్వచ్ఛంగా కనబడ్డాయట. పోనుపోనూ జంతువుల్లోనూ వికారం కనబడిందట. 1914 నాటి ‘పోరాడే రూపాలు’లో జంతువే లేదు. ఎర్రముద్ద ఒకటి, నల్లముద్ద ఒకటి ఢీకొంటాయి.

మామయ్య: చూశావా! నచ్చినన్నాళ్ళు దేవతలు, నచ్చకపోతే అక్కర్లేదు. ఆవు పేడేస్తుంది, కుమ్ముతుంది. నన్ను రెండుసార్లు తన్నింది కూడా. అయినా 30 ఏళ్ళు దాని పక్కనే ఉన్నాను.

శిరీష: మీకు జీతమిచ్చారు.

మామయ్య: ...అదీ నిజమేలే.

శిరీష: ఆ ‘పోరాడే రూపాలు’ బొమ్మ ఈ ఊళ్ళోనే ఇంకో మ్యూజియంలో ఉంది. లొంగదీసుకోవాలన్న ఎరుపు చివరికి ఏమైందో మీకు చూపిద్దామని. వెళ్దామా?

మామయ్య: జంతువు లేనిచోట నాకేం పని? ఇంకాసేపు ఇక్కడే ఉందాం. ఆ ఎర్రదాని కాళ్ళు సరిగ్గా చూడనే లేదు.